నా పెదాల మీద ఇంకొకడి గొంతు

టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా నేను లేచి వాకిట్లోకి పోతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నా మొహం నేను చూసుకోవడానికి సిగ్గుపడుతున్నానని వాళ్ళ అనుమానం. మొహంతో నాకు పేచీ లేదు. తెర మీద ఆ ఇంగ్లీషు దొర మొహం నాదే, ఆ టోపీ కింద కారే చెమటా నాదే. ఆ నోట్లోంచి వచ్చే గొంతు మాత్రం నాది కాదు. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు, నా నోరు తీసుకుపోయి ఇంకొకడికి ఇచ్చేశారు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండకూడదో ఎవరైనా చెప్తే వింటాను.

మాది బూర్గంపాడు దగ్గర, అడవిని ఆనుకున్న పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మ ఒక్కతే మక్కచేను చేసేది. చీకటి పడితే అడవిపందులు, తెల్లారితే చిలకలు. మంచె ఎక్కి వడిసెలతో రాయి విసరడం, గొంతెత్తి కూత పెట్టడం నాకు అమ్మే నేర్పింది. "గొంతులకెళ్ళి కాదు కొడుకా, కడుపులకెళ్ళి రావాలె కూత. పంది గుండె అదరాలె" అనేది. తను కూత పెడితే పక్క ఊరి చేలల్లో పక్షులు కూడా లేచేవి. నేను పుట్టడం ఎర్రటి ఒంటితో, పిల్లికళ్ళతో పుట్టాను. బడిలో అందరూ నన్ను "దొరా, దొరా" అని ఎక్కిరించేవాళ్ళు. రంగు ఎవరి నుంచి వచ్చిందో తెలియదుగాని, గొంతు మాత్రం అమ్మ నుంచే వచ్చింది.

రాయి విసిరిన చేయి బంతికి పనికొచ్చింది. మోచెయ్యి వంచకుండా వేయడం అలవాటయ్యేసరికి తలప్రాణం తోకకొచ్చిందిగాని, అలవాటయ్యాక నా బంతికి ఎదురు నిలబడేవాళ్ళు తక్కువ. నేను వేసిన బంతిని వికెట్ల వెనక ఆపేవాడు మా మేనత్త కొడుకు, నాకు బావ. ఆ బావే తర్వాత బూర్గంపాడు డేరా సినిమాలో ఆపరేటరయ్యాడు. డెబ్బైలు దాటుతుండగా మణుగూరు బొగ్గుబావుల్లో క్రికెట్ టీముకు ఫాస్ట్ బౌలర్ కావాలన్నారు. ఆట చూసి నన్ను టైమ్ ఆఫీసులో గుమాస్తాగా పెట్టుకున్నారు. అమ్మను క్వార్టర్‌కు తెచ్చుకున్నాను.

అప్పటికే అమ్మ కళ్ళు మసకబారుతున్నాయి. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే నీటికాసులన్నారు, ఆలస్యమైంది, పోయిన చూపు మళ్ళీ రాదన్నారు. కొద్దికాలానికే వెలుగు చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అయినా ఆదివారం మ్యాచ్ ఉంటే గ్రౌండుకు వచ్చి టెంటు కింద కూర్చునేది. బొగ్గుపొడికి మధ్యాహ్నానికల్లా బంతి నల్లబడేది. కళ్ళున్న బ్యాట్స్‌మెన్‌కే ఆ బంతి కనిపించేది కాదు, ఇక అమ్మకేం కనిపిస్తుంది. ఆమెకు తెలిసిందల్లా నా కూతే. బంతి ప్యాడుకు తగలగానే నేను అంపైర్ వైపు తిరిగి అరిచే అరుపు కాలనీ చివరి వరస దాకా పోయేది. అది విని, అంపైర్ వేలెత్తకముందే అమ్మ "పడ్డది!" అని చప్పట్లు కొట్టేది. అంపైర్ ఇవ్వకపోతే అంపైర్‌ను తిట్టేది. "నా కొడుకు కూత అబద్ధం చెప్తదా" అని ఆమె వాదన. ఆ వాదనకు ఎదురు చెప్పిన అంపైర్ మా కాలనీలో లేడు.

ఆ అరుపు విని నన్ను నాటకాల్లోకి లాగింది మా ఇంజనీరుగారు. కాలనీ క్లబ్బుకు ఆయనే పెద్ద. కోస్తావాడు, క్రికెట్ పిచ్చి, నాటకాల పిచ్చి రెండూ ఉన్నవాడు. ఒకరోజు మ్యాచ్ అయ్యాక నన్ను పిలిచి ఒక కథ చెప్పాడు.

"ఇంగ్లండులో ఒకాయన ఉండేవాడోయ్. క్రికెటరు. బౌలరే, నీలాగా. ఆట వదిలేశాక నాటకాల్లోకి పోయాడు. స్టేజి మీద మంచి పేరు తెచ్చుకుని, వయసు మళ్ళాక సముద్రం దాటి అమెరికా పోయి సినిమాల్లో చేరాడు. వేసినవన్నీ దొరల వేషాలు, మిలిటరీ పెద్దల వేషాలు. తెల్ల మీసాలు, గంభీరమైన గొంతు. ఆ పరాయిదేశంలో కూడా బ్యాటూ బంతీ వదల్లేదట. బౌలింగు చేసినవాడికి స్టేజి అంటే భయమెందుకుంటుందోయ్? పరుగెత్తుకొచ్చేటప్పుడు ఎలాగూ అందరి కళ్ళూ వాడి మీదే కదా."

"అమెరికాల ఎవరి లెక్క మాట్లాడేటోడు సార్?" అని అడిగాను.

"తన లెక్కే. ఇంగ్లండు మాటే. ఆ మాట కోసమే కదా పిలిచి మరీ వేషాలిచ్చారు. ఆ గొంతే ఆయన అన్నం."

ఆ కథ నా మనసులో అట్లా ఉండిపోయింది. బౌలింగు చేసినవాడు, గొంతున్నవాడు, దొరలా కనిపించేవాడు. ఇంకేం కావాలి అనుకున్నాను. వయసు అట్లాంటిది.

ఆ దసరాకు క్లబ్బు నాటకంలో నాకు ఇంగ్లీషు కలెక్టరు వేషం ఇచ్చారు. మన నాటకాల్లో దొర తెలుగు ఎట్లా మాట్లాడతాడో అందరికీ తెలుసు, వేడి చామగడ్డ నోట్లో పెట్టుకున్నట్టు. నేను అట్లా మాట్లాడనన్నాను. వాడి మాట విని జనం భయపడాలిగాని నవ్వితే ఎట్లా? ఫారెస్టు చౌకీ దగ్గర, తాలూకా ఆఫీసులో చిన్నప్పటి నుంచి నేను చూసిన అధికార్లు ఎట్లా మాట్లాడేవాళ్ళో అట్లా మాట్లాడాను. మెల్లగా, గొంతు పెంచకుండా, మా భాషలోనే. హాల్లో ఒక్కడు దగ్గలేదు. ముందు వరసలో కూర్చున్న అమ్మ నాటకం అయ్యాక "నువ్వు మాట్లాడుతుంటె నాకే చెమట పట్టింది బిడ్డా" అన్నది. ఇంజనీరుగారు అదే నాటకాన్ని కోస్తాలో జరిగే పోటీకి తీసుకుపోయారు.

అక్కడ న్యాయనిర్ణేత ఒకాయన నా భుజం తట్టి "గొంతు బంగారం. ఆ యాస ఒక్కటి కడిగేసుకో, పైకొస్తావు" అన్నాడు. కడుక్కోవడానికి అదేమైనా బురదా? నాకంటే ముందు ఆడిన నాటకంలో దొర "ఏంటయ్యా మీ గోల" అన్నాడు, ఆయనకు బహుమతి ఇచ్చారు. లండనులో పుట్టిన దొర కృష్ణ ఒడ్డు మాట మాట్లాడితే సహజమట. గోదావరి ఒడ్డున మా మాట మాట్లాడితే యాసట. ఇంజనీరుగారికి కూడా కోపం వచ్చింది, ఆయనది ఆ ఒడ్డే అయినా. తర్వాత కొంతకాలానికి ఆయన రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు.

ఎనభైల నడుమ మద్రాసు నుంచి సినిమావాళ్ళు భద్రాచలంలో దిగారు. అడవిని కాజేయడానికి వచ్చిన ఇంగ్లీషు దొర, అతన్ని ఎదిరించిన అడవి జనం, అదీ కథ. దొర వేషానికి పట్నం నుంచి తెచ్చుకున్న విదేశీయుడు జ్వరమొచ్చి పడ్డాడు. తెల్లటివాడు ఎవడైనా దొరుకుతాడా అని ప్రొడక్షన్ మేనేజరు కాలనీలన్నీ తిరుగుతుంటే ఎవరో నా పేరు చెప్పారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా టోర్నమెంటు. కొత్తగా వచ్చిన ఆఫీసరు "ఆట కోసం ఇచ్చిన కుర్చీ ఇది. ఆడకపోతే కుర్చీ ఉండదు" అని మొహం మీదే చెప్పాడు.

అమ్మ కూడా అదే అన్నది. "ఆట ఆడితె కొలువిచ్చిన్రు. సినిమాల ఆడితె ఏమిస్తరు? ఐనా నాకు కనపడది గద కొడుకా."

"కనపడకుంటేంది అమ్మా, ఇనపడతది గద. నీ చెవులతోటి ఇంటవ్. పెద్ద డేరాల, అంతమంది నడుమ నా గొంతు ఇంటవ్."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. నేను టోర్నమెంటు వదిలేసి పోయాను. తిరిగి వచ్చేసరికి నన్ను ఆఫీసు నుంచి బావి లోపలి పనికి మార్చారు. సరే, అనుకున్నాను. అమ్మ వింటే చాలు, ఆ తర్వాత సంగతి తర్వాత.

నాది పెద్ద వేషం కాదు. కానీ ఒక సీను మొత్తం నాదే. చుట్టూ కోయ గూడేల నుంచి తెచ్చిన జనం, నడుమ గుర్రం పక్కన నేను. డైలాగు కాగితం మీద గ్రాంథికంగా ఉంది. నేను నోరు తిరక్క తడబడుతుంటే డైరెక్టరే "అది పక్కన పెట్టు, నీకు వచ్చినట్టు చెప్పు" అన్నాడు. చెప్పాను. "ఈ అడివి మాదంటున్రు. మంచిదే. ఎవరిచ్చిన్రు మీకు? ఇచ్చినోన్ని పిలువున్రి, నేను మాట్లాడత." అంత మెల్లగా చెప్పాను. ఎదురుగా ఉన్న కోయవాళ్ళతో "మీకు తోచింది అనండి" అన్నారు. వాళ్ళు కోయ భాషలో తిరగబడి అరిచారు. తర్వాత బాణం తగిలి నేను పడిపోవాలి. మంచె మీద నేర్చిన కూత పెట్టి పడ్డాను. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. అన్నాల దగ్గర ఒక కోయ పెద్దమనిషి నా పక్కన కూర్చుని, "నువ్వు అడుగుతుంటె నాకు నిజంగనె భయమైంది. మా తాతలను గిట్లనె అడిగిన్రంట" అన్నాడు. అంతకు మించిన మెప్పు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

నెలల తర్వాత ఆ సినిమా బూర్గంపాడు డేరాకు వచ్చింది. మా అడవే, మా మనుషులే తెర మీద ఉన్నారని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలాయి. డేరావాళ్ళు వారమంతా అదే ఆడించారు. మొదటిరోజు మొదటి ఆటకే అమ్మను తీసుకుపోయాను. కొత్త చీర కట్టుకుంది. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. పాటలు, ఫైటింగులు నడుస్తుంటే అమ్మ నా చెయ్యి నొక్కి "వస్తున్నవా? వస్తున్నవా?" అని అడుగుతూనే ఉంది.

నేను తెర మీదికి వచ్చాను. డేరా అంతా ఈలలు. నా పెదాలు కదిలాయి. అందులోంచి ఎవడో "ఏయ్, అడవి మనుషులారా! ఈ అరణ్యమూ మాది! మీరూ వెల్లిపోవలెనూ!" అని ఒర్లాడు. వేడి చామగడ్డ గొంతు, నేను నాటకంలోనే వద్దన్న గొంతు. ఎదురు నిలబడ్డ కోయవాళ్ళ నోళ్ళలో వాళ్ళ మాటలు కూడా లేవు. మద్రాసులో ఎవరినో నిలబెట్టి "హుయ్ హుయ్" అని అరిపించారు. అర్థమున్న మాటలు తీసేసి ఆ కూతలు పెట్టారు. చివరికి నేను పడేటప్పటి నా కూత కూడా ఉంచలేదు. డేరాలో జనం పడీపడీ నవ్వారు.

అమ్మ నా చెయ్యి గుంజి అడిగింది. "ఇగ నువ్వెప్పుడొస్తవ్?"

"అయిపోయింది అమ్మా. ఇప్పుడొచ్చింది నేనే."

"ఏందీ? నువ్వు నా పక్కకు కూసున్నవ్. నీ గొంతు గీడున్నది. ఆడ ఒర్లినోడు వేరేటోడు."

"తెర మీద మనిషిని నేనే. గొంతు మార్చిన్రు."

పక్కింటామె కూడా చెప్పింది, "అవ్ పెద్దమ్మా, నీ కొడుకే, మేం చూసినం" అని. అమ్మ చెయ్యి వదిలేసింది. "మీరంత ఒక్కటైన్రు. కనపడనిదానికి ఏం చెప్పినా నడుస్తదనుకుంటున్రు" అన్నది.

ఇంటికి వచ్చాక అన్నం ముట్టలేదు. "కుర్సీ పోగొట్టుకొని బాయిల దిగవడితివి. ఆ దినాలు యాడ తిరిగినవ్ బిడ్డా? నాకెందుకు అబద్ధం చెప్పినవ్?" అని మెల్లగా అడిగింది. తిట్టినా బాగుండేది. నా కూత అబద్ధం చెప్పదని అంపైర్లతో పోట్లాడిన మనిషి, నన్ను అబద్ధాలకోరు అంటున్నది. ఎవరిని సాక్ష్యం తెచ్చేది? కళ్ళున్నవాళ్ళ సాక్ష్యం ఆమెకు పనికిరాదు. ఆమె నమ్మే సాక్ష్యం ఒక్కటే, దాన్ని మద్రాసులో కోసి పారేశారు.

మర్నాడు గోదావరి వంతెన దాటి భద్రాచలం పోయాను. ఆ ప్రొడక్షన్ మేనేజరు ఇంకో సినిమాకు జాగాలు చూడడానికి వచ్చి లాడ్జిలో ఉన్నాడని తెలిసింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. నిలబడే అడిగాను.

"నా గొంతెందుకు తీసేసిన్రు సార్?"

ఆయన షేవింగ్ చేసుకుంటున్నాడు. అద్దంలోంచే చూశాడు. "ఏంటయ్యా, అదా! మొహం నీదే ఉంచాం కదా. దొర ఆ యాసలో మాట్లాడితే జనం నవ్వరూ?"

"ఇప్పుడు నవ్వుతున్రు సార్. డేరా మొత్తం నవ్వింది. నేను మాట్లాడిన్నాడు ఎవరు నవ్వలే. మీ డైరెక్టరే నీకు వచ్చినట్టు చెప్పుమన్నడు."

"షూటింగులో పని జరగాలని అంటారయ్యా. అంతా డబ్బింగులో సర్దుకుంటాం, అది పద్ధతి. నువ్వు మనసులో పెట్టుకోకు. ఈ కొత్త సినిమాలో తాగుబోతు నౌకరు వేషం ఉంది. దానికి మీ యాసయితే బలే ఉంటుంది. నీ గొంతే పెట్టిస్తాను, సరేనా?"

చాలా పెద్ద మనసుతో అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది. దొరకు పనికిరాని భాష తాగుబోతుకు సరిపోతుంది. కలెక్టరు నోట్లో ఉండకూడదు, కల్లు ముంత పక్కన ఉంటే ముచ్చట. అంటే మా అమ్మ నాకు నేర్పిన మాట, మా ఊరంతా పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా మాట్లాడే మాట, వీళ్ళకు నవ్వుకోవడానికా? ఆ ఇంగ్లండు క్రికెటరును అమెరికావాళ్ళు ఆయన మాట కోసం పిలిచారు. నేను నా సొంత భాష సినిమాలో, నా సొంత అడవిలో నిలబడితే నా మాట పనికిరాలేదు. "నీ నౌకరు వేషం నువ్వే ఏసుకో" అని చెప్పి వచ్చేశాను. ఈసారి 'సార్' అని అనలేదు.

సాయంత్రం బావ దగ్గర కూర్చుని అంతా చెప్పుకున్నాను. మిషను తుడుస్తూ విన్నాడు. "అత్త నిజంగనె నమ్ముతలేదా?" అని అడిగాడు. లేదన్నాను. ఆటకు ముందు టికెట్లకు జనాన్ని పిలిచే మైకు వైపు చూపించాడు. "ఆ మైకు పట్టుకొని తెర ఎన్క నిలబడు. నీ సీను రాంగనె నేను సౌండు కట్టేస్త. ఓనరు ఊళ్ళ లేడు, వచ్చినంక తిడితె తిట్టనీ. నీ బంతులు ఇన్నేండ్లు ఆపిన, గిదొక లెక్కనా."

అమ్మను రమ్మంటే రానన్నది. చివరిరోజు బావే స్వయంగా పోయి "అత్తా, నా మాట మీద ఒక్కసారి రాయే" అని బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. నేను ఊళ్ళో లేనని చెప్పాడు.

తెర వెనక నుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. నా కుడిచెయ్యి ఎడమచెయ్యిగా కనిపిస్తోంది. గుర్రం అటు ఉండాల్సింది ఇటు ఉంది. అరచేతుల్లో చెమటకు మైకు జారిపోతోంది. బంతి వేసేటప్పుడు కూడా ఎప్పుడూ అంత భయపడలేదు. సౌండు టక్కున ఆగిపోయింది. డేరాలో గోల మొదలైంది. తెర మీద నా పెదాలు కదిలాయి. నేను కూడా కదిలించాను.

"ఈ అడివి మాదంటున్రు. మంచిదే. ఎవరిచ్చిన్రు మీకు?"

గోల ఆగిపోయింది. నా మాటలు నా పెదాలకు అతికినట్టు సరిపోయాయి. సరిపోవా మరి? ఆ పెదాలు ఆ రోజు పలికింది ఆ మాటలే కదా. ఎవరూ నవ్వలేదు. నేను చెప్పడం ముగిసింది. తెర మీద కోయవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి, శబ్దం లేదు. ఆ ఖాళీ గురించి నేనూ బావా ఆలోచించనే లేదు. అప్పుడు డేరా వెనక వరసల నుంచి ఒక ముసలి గొంతు కోయ భాషలో లేచింది. షూటింగులో నా పక్కన అన్నం తిన్న పెద్దమనిషిదే, చివరి ఆట అని గూడెంతో కలిసి వచ్చాడు. వెంటనే ఆయన వెంట గూడెమంతా అందుకుంది. ఆ రోజు అడవిలో ఏ మాటలతో తిరగబడ్డారో అవే మాటలు. డేరా గుడ్డ అదిరిపోయింది. బాణం వచ్చింది. నేను మైకు కింద పడేసి కడుపులోంచి కూత పెట్టాను.

"పడ్డది!" అని ముందు వరస నుంచి వినిపించింది. "నా కొడుకే! పడ్డది!"

నేను తెర చుట్టూ తిరిగి పరుగెత్తాను. అమ్మ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. వెనకవాళ్ళు కూర్చోమంటున్నా వినడం లేదు. నేను చెయ్యి పట్టుకోగానే నా మొహమంతా తడిమి, వేళ్ళు నా పెదాల మీద ఆపింది.

"నువ్వే. నీ కూతనే" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంతలో ఆమె మొహం మారిపోయింది. నా గడ్డం గట్టిగా పట్టుకుంది.

"మరి ఆ దినం ఒర్లినోడెవడు? నీ నోట్లకెళ్ళి మాట్లాడనికి వానికి ఎవరిచ్చిన్రు?"

అమ్మ నన్ను వదిలేసి తెర వైపు తిరిగింది, అది ఎక్కడుందో ఆమెకు తెలియదు, వెలుగు వచ్చే వైపు తిరిగింది. మంచె మీద నిలబడ్డప్పటి గొంతుతో, సినిమా మొత్తం మునిగిపోయేట్టు మళ్ళీ అడిగింది.

"ఎవరిచ్చిన్రు?"